తలకాయలు లేని కాలువగట్టు

బొరుగుల డబ్బా ఒకటి చేతికిస్తే ఒక వీధి జనమందరి తలకాయలూ ఎగరగొట్టగలనని నిరూపించిన ఘనుణ్ణి నేను. కత్తి పట్టలేదు, కట్టె పట్టలేదు. నమ్మకం లేకపోతే నంద్యాల కాలువగట్టున ఉండిన పాతవాళ్ళను అడగండి. నా పేరు మాత్రం ఎత్తకండి. కాఫీ ఇవ్వబోయిన వాళ్ళు కూడా గ్లాసు వెనక్కి తీసుకుంటారు.

డెబ్బైల చివరి మాట. టీచరు ట్రైనింగు ముగించి, ఉద్యోగం రాక, లోకంలోని విద్యలన్నీ నాకే వచ్చని నమ్ముతున్న రోజులవి. మా కాలువగట్టు అప్పుడప్పుడే రూపు మారుతోంది. ఒక కొసన మట్టిమిద్దెలు పోయి లారీ ఆఫీసు వచ్చింది. ఇక కాలువకు రాతికట్టు, గట్టు మీద తారురోడ్డు వేస్తామన్నారు. మా ఇళ్ళు పోతాయి, బదులుగా ఊరి బయట స్థలాలిస్తారు. అంతవరకూ బాగానే ఉంది. చూడటానికొచ్చిన ఆఫీసరు ఒక మెలిక పెట్టాడు.

"సగం ఇళ్ళల్లో మనుషులే లేరంటున్నారు. ఎవరింటి ముందు వాళ్ళు నిలబడి ఫోటో తీయించుకోండి. సోమవారం పొద్దున తెచ్చి చూపించండి. ఫోటోలో ఉన్నవాళ్ళకే స్థలం."

"స్టూడియో ఆయన్ని పిలిపిద్దాం" అన్నాడు మేకల ఓబులేసన్న.

"ఎందుకన్నా? నేను లేనా?" అన్నాను. అక్కడ మొదలైంది.

ఏదో పత్రికలో చదివాను. డబ్బాకు సూదితో బెజ్జం పెట్టి, లోపల ఫోటో కాగితం అంటించి, బెజ్జాన్ని నల్లకాగితంతో మూస్తే అదే కెమెరా. ఆ మూత తీసి కొన్ని నిమిషాలు ఓపిక పడితే బొమ్మ దానంతటదే పడుతుంది. కదలకుండా ఉన్నవి పడతాయి, కదిలినవి మాయమవుతాయి. డబ్బా ఇంట్లోనే ఉంది. మా అమ్మ ఎదురింటి సుంకమ్మత్త దగ్గర బొరుగులతో సహా బదులు తెచ్చి, తిరిగివ్వని డబ్బా. ఆ డబ్బా వల్లే సుంకమ్మత్త మా అమ్మతో మాట్లాడటం మానేసింది. ఆ మాటకొస్తే ఆమె వీధిలో ఎవరితోనూ మాట్లాడేది కాదు, ఒక్కొక్కరితో ఒక్కో తగువు.

ఆళ్లగడ్డలో మా ప్రకాశం మామకు ఫోటో స్టూడియో ఉంది. ఆయన చీకటిగదిలో డబ్బాకు కాగితం ఎక్కించుకుంటుంటే మామ నెత్తి కొట్టుకున్నాడు.

"ఒరే దానం, నా మాట ఇనురా. నా కెమెరా తీస్కపో."

"కెమెరాతో ఎవరైనా తీస్తారు మామా!"

చూశారా పొగరు? తిరుగు బస్సులో డబ్బాను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పక్కనున్న పెద్దాయన అడిగాడు.

"ఏముందప్పా అందులో?"

"చీకటి పెద్దాయనా. మూత తీస్తే పోతుంది."

ఆయన లేచి వెళ్ళి డ్రైవరు దగ్గర నిలబడ్డాడు.

ఆదివారం చర్చి అయ్యాక అందరూ ఉతికిన బట్టల్లో ఎవరింటి ముందు వాళ్ళు నిలబడ్డారు. ఉన్నది ఒకే కాగితం, ఒకే అవకాశం. అందుకని ప్రతి మనిషి కాళ్ళ చుట్టూ ముగ్గుపిండితో గీత గీశాను.

"కాళ్ళు కదిలినాయంటే ఫోటోలో ఉండరు! గీత దాటొద్దండి!"

"మాట్లాడొచ్చా అబ్బీ?" అంది రత్నమ్మక్క.

"మాట్లాడుకో అక్కా. కాళ్ళే ముఖ్యం."

ఈ మాట గుర్తుపెట్టుకోండి. సుంకమ్మత్త మాత్రం గీత గీయనివ్వలేదు. తన గుమ్మం ముందు చేతులు కట్టుకుని, నా చేతిలోని డబ్బాను కొరికేసేలా చూస్తూ నిలబడింది.

మూత తీశాను. సరిగ్గా అప్పుడే పాస్టరుగారు సైకిలు మీద వచ్చారు.

"వందనాలయ్యా! యాడికి పోతాండారు?" అని ముందుగా అడిగిన వెధవను నేనే. మా గట్టు మీద దారిన పోయేవాణ్ణి అలా అడగకపోతే తిన్నది అరగదు. అడిగి ఊరుకోవడం కూడా ఉండదు, మనిషి మలుపు తిరిగేదాకా చూడాలి. వీధంతా అడిగింది, వీధంతా చూసింది. ఆయన వెనకే మహానందికి పోయే ఎద్దులబండి. ఆ వెనకే చంకలో కోడితో ఒకాయన.

"యాడికప్పా ఆ కోడి?"

"కూతురింటికి!"

"ఎన్నో నెలప్పా?"

నేను మాత్రం పట్టుదలగా కాళ్ళకే కాపలా కాశాను. ఒక్క పాదం గీత దాటలేదు.

సాయంత్రం ఆళ్లగడ్డలో కాగితం కడిగి, అచ్చు తీసి మామ పైకెత్తాడు.

"ఏందిరా అబ్బీ ఇది? జనమా, దండెం మీద ఆరేసిన గుడ్డలా?"

చీరలున్నాయి, లుంగీలున్నాయి, చంకలో బిందెలున్నాయి. రత్నమ్మక్క కాలి మెట్టెలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. మెడల పైన మాత్రం పొగ. మొత్తం వీధిలో ముఖమున్నది ఒక్కరికే, ఎవర్నీ పలకరించని సుంకమ్మత్తకు. అప్పటికే పొద్దు గుంకింది, మళ్ళీ తీయడానికి వెలుగు లేదు. నా గొప్పకు వీధి మొత్తం నీడ లేకుండా పోతుందేమోనని ఏడుపొచ్చింది.

సోమవారం ఆఫీసరు ఆ ఫోటో తిప్పి తిప్పి చూశాడు.

"తలకాయలు లేనోళ్ళకు స్థలాలెట్లా ఇచ్చేదయ్యా? ముఖమున్నది ఈమె ఒక్కతే. ఏమ్మా, నువ్వే చెప్పు. వీళ్ళంతా నిజంగా అక్కడుంటున్నవాళ్ళేనా?"

అందరికీ పై ప్రాణాలు పైనే పోయాయి. సుంకమ్మత్త ఫోటో అందుకుంది. నింపాదిగా చూసింది.

"ఈ ఎర్రంచు చీర రత్నమ్మది సామీ. ఆ చంకలో బిందె నాది, సొట్ట పెట్టింది. ఈ లుంగీ ఓబులేసుది. వాని మేక నా మునగచెట్టు మోడు చేసింది. ఈ తెల్లచీర దానం వాళ్ళమ్మ, డబ్బా దొంగ. అందరూ ఈన్నే పడుండారు. వీళ్ళు లేకుంటే నేనిన్నేండ్లు ఎవురితో కొట్లాడినట్ల సామీ?"

ఆఫీసరు పడీ పడీ నవ్వాడు. నవ్వుతూనే అందరి పేర్లూ రాయించాడు. రత్నమ్మక్క అక్కడే ఏడ్చేసింది. సుంకమ్మత్త ఆమె వైపు కూడా చూడలేదు.

"మరి డబ్బా పట్టుకున్న ఈ మహానుభావుడెవరు?" అన్నాడు ఆఫీసరు.

"వాడా? నా డబ్బాకు బొక్క పెట్టినోడు. వానికీ ఒక స్థలం రాయండి సామీ, మా ఇంటి పక్కనే. నేను పోయేలోపల నా డబ్బా వసూలు చేసుకోవల్ల."

అలాగే రాశారు. ఈ కథ రాస్తున్నది ఆ ఇంట్లోనే కూర్చుని. పక్కింటి గోడ మీదుగా ఇప్పుడే కేక వినిపించింది: "దానం, డబ్బా!"

కాబట్టి నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. బతికుండగా మళ్ళీ ఎవరి కాళ్ళకూ ముగ్గుపిండి పోయను. ఫోటో తీసేటప్పుడు పాస్టరుగారొచ్చినా, ఏకంగా పరలోకమే దిగివచ్చినా, యాడికి పోతాండారని అడగను. కొత్త డబ్బా కొనివ్వమని మాత్రం నన్ను అడక్కండి. ఇచ్చేస్తే సుంకమ్మత్త నాతో మాట్లాడటానికి ఇంకేం మిగులుతుంది?