గుట్ట తిండికి సాక్ష్యం

ఆదివారం ప్రార్థన ముగించి బయటికి వస్తుంటే కబురు అందింది, మా పెద్దమ్మ పోయిందని. ఆర్మూర్ పసుపు అంగడిలో కొమ్ములు, గడ్డలు వేరుచేసే ఆడవాళ్లలో అందరికన్నా పెద్దది, అందరికన్నా నిటారుగా నడిచేది ఆమె. చూడవచ్చిన వారందరిదీ ఒకటే మాట: "గుట్ట తిండి తిన్నది, గందుకే గిన్నేండ్లు గట్టిగున్నది." సహోదరులారా, ఆ మాట నా చెవిలో నిప్పులా పడింది.

ఆమెకు ఒక్కడే కొడుకు. నాకు తమ్ముడు. పసుపు ఉడికించే కడాయిల దగ్గర పనిచేసేవాడు. పంతొమ్మిది వందల యాభైల చివర అతనికి క్షయ పట్టింది. దవాఖానలో సూదులు వేశారు, పాలు, గుడ్లు పెట్టమన్నారు. గుణం తొందరగా కనపడలేదు. అప్పుడు పెద్దమ్మ కళ్లు అంగడికి దిగే గుట్టవాళ్ల మీద పడ్డాయి. సిరికొండ అవతలి గుట్టల నుంచి కొర్రలు, తేనె, ఇప్పపువ్వు మోసుకొచ్చేవారు. ముసలివాళ్లు కూడా నెత్తిన గంపతో, నడుము వంగకుండా, దగ్గు లేకుండా.

"దవాఖాన మొఖం సూడనోళ్లు," అనేది. "గా తిండిలనే ఉన్నది మందు."

ఆనాటి నుంచి ఆ ఇంట్లో వరి అన్నం బందు. దవాఖాన మందుతో కలిస్తే ఆ తిండి గుణం పోతుందని సూదులూ బందు. కొర్ర అంబలి, అడవి గడ్డలు, వేయించిన ఇప్పపువ్వు, అంతే.

పరిశుద్ధ గ్రంథం చంకలో పెట్టుకుని వెళ్లి గట్టిగానే కలబడ్డాను. "పెద్దమ్మా, పాణమిచ్చేది తిండి గాదు, దేవుడు. సూదులు ఆపకు!"

"నీ పుస్తకంలనే ఉన్నదంటివి గద కొడకా. నలుగురు పోరగాండ్లు రాజు బువ్వ వద్దని, గింజలు తిని నిగనిగలాడిండ్రని."

"అది గింజల మహిమ గాదు, దేవుని మహిమ."

"మరి దేవుడు వాళ్లకు కోడికూర ఎందుకు పెట్టలే?"

మంచంలో తమ్ముడు దగ్గుతూనే నవ్వాడు. "అన్నా, నువ్వు గెలువవు గని, నాకు జర్రంత తెల్లబువ్వ పెట్టుమని చెప్పు. ఉత్త ఉప్పేసి పెట్టినా తింట."

"మంచిగయినంక కుండెడు వండుత బిడ్డా," అంది పెద్దమ్మ.

అతనికి మంచిగ కాలేదు.

మూడో నాడు పిట్టకు పెట్టారు. పోయినవాడికి ఇష్టమైనది వండి విస్తట్లో పెట్టి, పక్షి వచ్చి ముట్టేదాకా ఎదురుచూస్తారు. ఆ ఆచారం నాకు లేదు, దూరంగా నిలబడ్డాను. పెద్దమ్మ అన్నమాట ప్రకారం కుండెడు తెల్లబువ్వ వండింది. కాకి దిగి ఆత్రంగా పొడిచింది.

"మెల్లగ తిను బిడ్డా," అందామె.

తరువాతి అంగడిలో ఇప్పపువ్వు అమ్మే గుట్ట ముసలామెను అడిగింది. నేను పక్కనే ఉన్నాను. "అవ్వా, మీ దిక్కు పిల్లలు సావరా?"

"ఎందుకు సావరమ్మా? నా కడుపున పుట్టినోళ్లు సగం మంది గుట్ట మీద మట్టిలనే ఉన్నరు. నడిచొచ్చేటోళ్లమే మీకు కనవడ్తం."

 పెద్దమ్మ కొంగు పట్టి, "ఎప్పటి లెక్కనే ఇప్పపువ్వు పొయ్యి," అంది.

"ఇంకెందుకు పెద్దమ్మా?" అన్నాను.

"నేను ఇడిసిపెడితె వాణ్ణి ఉత్తగనే మాడ్చినట్టు గాదా? నేను గట్టిగుంటెనే నేను పెట్టింది మందయితది."

సహోదరులారా, అప్పటినుంచి ఆమె బతుకంతా ఆ ఒక్క సాక్ష్యం. తెల్లబువ్వ మళ్లీ ముట్టలేదు. "ఎట్ల నిగనిగలాడుతున్నవ్ అక్కా!" అని ఎవరైనా అంటే, చేతిలో పసుపు కొమ్ము ఆపి, "నిజంగనేనా? మల్ల చెప్పు," అని అడిగేది. నన్ను చూస్తే ఎత్తిపొడిచేది: "నీ పుస్తకంల అన్నీ ఉన్నయి, మింగనీకి ముద్ద తప్ప." నేను క్షమాపణ గురించి మొదలుపెడితే, "నేనేం తప్పు చేసిన?" అని కళ్లు పెద్దవి చేసేది.  వేలమందికి వాక్యం చెప్పిన నోరు ఇది. ఆమె చేతిలో పెట్టదగ్గ వాక్యం ఒక్కటీ నాకు దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు.

పోయిన చలికాలం ఆమెకూ దగ్గు మొదలైంది. బయటికి వినిపించకుండా కొంగు నోట్లో కుక్కుకునేది.

"దవాఖానకు పోదాం పా," అన్నాను.

"ఎవ్వలకు చెప్పకు కొడకా. నింద తిండి మీదికొస్తది."

ఆమె దాచింది నేను దాచలేను. అబద్ధ సాక్ష్యం మోయడం నా వల్ల కాదు. ఆ తిండి అతన్ని బతికించలేదు. ఈమెను కాపాడలేదు.

నిన్న ఆమెకూ పిట్టకు పెట్టారు. విస్తరి నిండా తెల్లబువ్వ. "ఆమె గిది ముట్టదు గద," అన్నాను.

"గిప్పుడన్న తిననీ అన్నా," అంది అంగడిలో ఆమె పక్కన కూర్చునే మనిషి.

పక్షి రాలేదు. ఎండ ముదిరింది. ఒక్కొక్కరే లేచి పనికి పోయారు. అవతల పసుపు కొమ్ములు ఆరబోస్తున్నట్టున్నారు, గాలి అటునుంచే వీస్తోంది. మెతుకులు ఎండి బిగుసుకుంటున్నాయి. వాటి మీద సన్నటి దుమ్ము పడుతోంది. చూస్తుండగానే ఆ తెల్లబువ్వ పచ్చబడింది.