మామిడిగంప అడుగున డబ్బా

పోయిన నెల బంధువుల పెళ్లికని నూజివీడు వెళ్లి, ఎండ తగ్గాక కొట్ల బజారు వైపు నడిచి చూస్తే, నేను మూడేళ్లు ఉండి చదువుకున్న షావుకారుగారి పెంకుటింటి చోట మూడంతస్తుల ఆడపిల్లల హాస్టలు లేచి ఉంది. ఎవరు కావాలండీ అని వాచ్‌మన్ అడిగితే, ఎవరూ వద్దు నాయనా అని వచ్చేశాను. మన వయసు వాళ్లకి చెప్పక్కర్లేదు గానీ, ఆ యాభైల చివర్లో ఆడపిల్లకి హాస్టళ్లేంటి, హైస్కూలున్న ఊళ్లో ఉంచుకుంటామనే ఇల్లు దొరికితే చదువు, లేకపోతే లేదు.

చాట్రాయిలో మా తోట కాయ ఏటా కొనేది ఆ షావుకారుగారే. ఎనిమిదో తరగతి అయ్యాక ఇంకా చదువుతానని నేను అన్నం మానేసి గోల చేస్తే, మా నాన్న వెళ్లి ఆయన్ని అడిగాడు. ఆయన ఒకే ఒక్క షరతు పెట్టారు, నీచు వాసన తమ గుమ్మం దాటకూడదని. దానికి మా నాన్న తనదొకటి కలిపాడు, వాళ్ల నోట నా మీద ఒక్క మాట వచ్చిందా, మర్నాడే తీసుకొచ్చేస్తాను, మళ్లీ చదువు ఊసెత్తొద్దని. అన్నంత పనీ చేసే మనిషి ఆయన.

బయల్దేరిన రోజు నా నేస్తాలిద్దరూ, మా పెదనాన్న కూతురూ, కుమ్మరివాళ్ల అమ్మాయీ, బస్సు దాకా వచ్చారు. పెదనాన్న కూతురు నా చెయ్యి వదలకుండా ఏడిచింది. రెండోది మాత్రం, ఇంక పెద్ద దొరసానివైపోతావులే అని మూతి తిప్పుకుని వెళ్లిపోయింది, ఆ కోపమే నన్ను విస్సన్నపేట దాటేదాకా ఏడిపించింది. బస్సు కదిలేముందు మా అమ్మ చెవిలో చెప్పింది, రసాల గంప అడుగున పాలపొడి డబ్బా ఉంది, ఎవరూ చూడకుండా తీసుకోమని. సంతలో కొన్న ఎండురొయ్యలు వేయించి కొట్టిన పొడి, అది లేనిదే నాకు ముద్ద దిగదు మరి! షరతు సంగతి మా అమ్మకి తెలీదా అంటే తెలుసు, కానీ పిల్ల పస్తుంటుందన్న బెంగ ముందు షరతులేపాటివి.

ఆ ఇంటి పద్ధతులు మాకేం తెలుసు? గుమ్మంలో అడుగుపెట్టగానే షావుకారుగారి తల్లి, ఆచారాల పట్టింపు బాగా ఉన్న మామ్మగారు, తోట నుంచి వచ్చిన పండు దేవుడికి చూపించాకే ఎవరైనా ముట్టుకోవాలంటూ, గంపని గంపగానే దేవుడిగదిలో పెట్టించేశారు. నా పైప్రాణాలు పైనే పోయాయి. మా నాన్న ఇంకా అరుగు మీదే కూర్చుని షావుకారుగారితో మాట్లాడుతున్నాడు, చెబితే వచ్చిన బస్సులోనే వెనక్కి. దీపం పెట్టారు, హారతిచ్చారు, నాచేత దణ్ణం పెట్టించారు. అప్పుడు నేను దేవుణ్ణి ఏం కోరుకున్నానో చెబితే నవ్వుతారు, డబ్బా మూత గట్టిగా ఉండాలని కోరుకున్నాను.

నాన్న వెళ్లిపోయాక సాయంత్రం మామ్మగారు పళ్లు సర్దుతూ డబ్బా బయటికి తీశారు, మూతా తీశారు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నావైపు చూస్తే, మా నాన్న చదువు మానిపించేస్తాడండీ అని బావురుమన్నాను. ఆవిడ డబ్బా తీసుకెళ్లి పశువులపాక చూరులో దోపి, నూతి దగ్గర తలమీంచి నీళ్లు పోసుకుని వచ్చి, దేవుడిగదంతా తనే కడగడం మొదలుపెట్టారు. ఈ వేళప్పుడు కడుగుడేంటత్తయ్యా అంటూ కోడలు వచ్చింది. "పండు చితికి రసం కారిందే, చీమలు పడతాయి," అన్నారు మామ్మగారు, దేవుడి పటాల ముందు నిలబడి.

వాళ్ల పప్పూ చారూ సయించక వారం తిరిగేసరికి నేను సగమయ్యాను. ఆదివారం మధ్యాహ్నం ఆవిడ విస్తట్లో అన్నం పెట్టి చేతికిచ్చి, పాకవైపు చూపించి, "తిని, నోరు పుక్కిలించి, స్నానం చేసి లోపలికి రా. మావాడికి తెలిస్తే నిన్నూ నన్నూ కలిపి పంపించేస్తాడు," అన్నారు. అలా ప్రతి ఆదివారం తింటూ ఉండగానే డబ్బా ఖాళీ అయింది, ఆలోపే నాకు వాళ్ల కందిపచ్చడి రుచి పట్టుకుంది, ఇంకో డబ్బా పంపమని మా అమ్మకి చెప్పనే లేదు. ఆ ఇంట్లోనే స్కూలు చదువు పూర్తిచేశాను, ఆ చదువుతోనే టీచర్నయ్యాను.

మైలవరంలో పనిచేస్తుండగా ఒకసారి ఆ కోడలుగారు బజార్లో కనిపించి చెప్పింది, దేవుడిగదిలో నిలబడి అబద్ధమాడానని మామ్మగారు నా చదువు పూర్తయ్యేవరకూ శనివారాలు ఉపవాసం ఉన్నారట, పోయేముందు బయటపెట్టారట. అప్పటికి ఆవిడ పోయి రెండేళ్లు. ఇప్పుడు ఎవరింట్లో ఎవరేం తిన్నా అడిగేవాళ్లు లేరు, మంచిదే, నా మనవరాళ్లకి ఆ భయం లేనందుకు నాకూ సంతోషమే. కానీ పరాయి పిల్ల చదువు కోసం కడుపు మాడ్చుకునే మనిషి నాకు మళ్లీ ఎక్కడా తారసపడలేదు. మూడేళ్లు శనివారం సాయంత్రాలు కడుపునిండా తినొచ్చి ఆవిడ పక్కనే కూర్చుని చదువుకున్నాను గానీ, మీరు తినరేంటి మామ్మగారూ అని ఒక్కసారి కూడా అడగలేదు నేను.