ఖాళీ క్యారియర్

రేవులో ఒక మాట గుప్పుమంది. మేడ మీద వైర్‌లెస్ గదిలో కూర్చునే ఆపరేటరుకు రెండో లాంచీ నడిపే సరంగు రోజూ క్యారియర్ పంపిస్తున్నాడట. ఏ గిన్నెలో ఏముంటుందో కూడా చెప్పుకునేవారు.

ఈ మాటకు పుట్టిల్లు కింద టికెట్ల కిటికీ. అక్కడ కూర్చునే ఆవిడ రేవు మొత్తానికీ వదిన.

"నేనేం కల్పించలేదమ్మా! మెట్ల దగ్గర నా చెవులతో విన్నా. 'క్యారియర్ వచ్చింది, నువ్వేనని తెలిసింది' అంటోంది. ఇంకో రోజు 'మళ్ళీ ఖాళీ క్యారియర్ పంపావా?' అని ఒకటే అలక. ఆ మాత్రం అర్థం కాదూ?"

ఆపరేటరు నిజంగానే ఆ మాటలు అన్నది. ఆమెను సరంగులందరూ పిన్ని అనేవారు, ఆమెకంటే పెద్దవాడైన రెండో లాంచీ సరంగుతో సహా. ఇంట్లో ఆమె గొంతు పెగలదు. "నీ మాట వినాలంటే నీ నోట్లో చెవి పెట్టాలే" అని వాళ్ళమ్మ విసుక్కునేది. అదే మనిషి మైకు ముందు కూర్చుంటే ఒక్క మాట తడబడదు. "ఎదురుగా మొహాలు ఉండవు కదా, అందుకే ధైర్యం" అనేది. ఆ ధైర్యం ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే వచ్చింది, ఇక పోలేదు.

ఆ వారంలోనే వైర్‌లెస్ సెట్లు బాగుచేసే మెకానిక్ బాబాయి ఆమెకు ఒక సంగతి చెప్పాడు. సెట్టులో ఎవరూ మాట్లాడనప్పుడు వినిపించే హోరును అందరూ మర తిప్పి ఆపేస్తారు. ఆయన ఆపనివ్వలేదు.

"విను. ఇప్పుడు సుర్రుమంటోందా? అవతల ఎవడో బటన్ నొక్కాడనుకో, వాడు నోరు తెరవకముందే ఈ హోరు ఆగిపోతుంది. అదిగో, ఆగింది చూశావా? క్యారియర్ వచ్చింది."

పిన్ని గుమ్మం వైపు చూసింది. "భోజనమా?"

బాబాయి నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడ్డాడు. "ఆ క్యారియర్ కాదే తల్లీ! మాటను మోసుకొచ్చే అల. మాట అందులో పెట్టిన అన్నం లాంటిది. బటన్ నొక్కితే క్యారియర్ బయల్దేరుతుంది. మాట్లాడితే నిండుగా వస్తుంది, మాట్లాడకపోతే ఖాళీగా వస్తుంది. వచ్చేది మాత్రం వస్తుంది."

అప్పటి నుంచి ఆ గదిలో ఖాళీ క్యారియర్ అనే మాట స్థిరపడిపోయింది. అది ఎక్కువగా పంపేవాడు రెండో లాంచీ సరంగే. మారుపేరు నిదానం. ముందు బటన్ నొక్కి, ఏం చెప్పాలా అని అప్పుడు ఆలోచన మొదలుపెట్టేవాడు. అతను వదిలేదాకా ఆ దారిలో ఇంకెవరి మాటా సాగదు. పిన్నికి ఒళ్ళు మండేది.

"నొక్కి ఆలోచించకు బాబూ, ఆలోచించి నొక్కు! ఖాళీ క్యారియర్లు నాకెందుకు?"

"అలాగే పిన్నీ" అనేవాడు, కాసేపు ఆలోచించి.

ఒక పొద్దున పొగమంచు ఒక్కసారిగా దిగింది. కిటికీలోంచి చూస్తే రేవు చివర కట్టేసిన మొదటి లాంచీ కూడా మసగ్గా ఉంది. నిదానం అప్పటికే అవతలి ఒడ్డు నుంచి జనాన్ని ఎక్కించుకుని బయల్దేరాడు. ఆ లాంచీలో టికెట్ల వదిన వాళ్ళమ్మ ఉంది, కంటి వైద్యానికి వస్తోంది. నీళ్ళ మధ్యలో ఫోన్లు పలకవు. వదిన మెట్లెక్కి వచ్చి గుమ్మాన్ని పట్టుకుని నిలబడింది.

హోరు తెగింది. మాట లేదు. మళ్ళీ హోరు.

"మళ్ళీ ఆలోచనలో పడ్డాడు, వదిలెయ్" అన్నాడు వెనకాల నిలబడ్డ రేవు మేనేజరు.

హోరు మళ్ళీ తెగింది, గబగబా, వెంటవెంటనే. పిన్ని వెన్ను నిటారుగా అయింది.

"నిదానం ఇంత తొందరగా ఎప్పుడైనా నొక్కాడా సార్? మైకు చచ్చినట్టుంది. క్యారియర్ వస్తోంది, మాట రావడం లేదు." మైకు అందుకుంది. "అందరూ నోరు మూసుకోండి. నిదానం, నేను అడుగుతా. అవునంటే ఒకసారి నొక్కు, కాదంటే రెండుసార్లు. ఇంజను ఆగిందా?"

ఒకసారి.

"లంగరు పట్టిందా?"

రెండుసార్లు.

"ఎర్ర బోయా దాటావా?"

ఒకసారి.

మేనేజరు మొహంలో నెత్తురు చుక్క లేదు. నీళ్ళ మీద గుర్తుగా తేలే ఆ ఎర్ర బోయా దాటాక లోతు ఎక్కువ, సరుకు ఓడలు వెళ్ళే దారి అదే. "ఓడలవాళ్ళకి చెప్తా" అంటూ ఫోను దగ్గరికి పరిగెత్తాడు.

"మా అమ్మ..." అంది వదిన.

"తీసుకొస్తున్నాం వదినా. కూర్చో."

మొదటి లాంచీ సరంగు తాడు విప్పాడు. నిదానం లాంచీ హారను వింటూ వెళ్ళబోయాడు గానీ, మంచులో ఆ చప్పుడు నాలుగు పక్కల నుంచీ వస్తోంది. "ఎటని పోను పిన్నీ?" అన్నాడు సెట్టులో.

"నీ సెట్టులో ముల్లుందిగా? క్యారియర్ ఎంత బలంగా వస్తే అంత లేస్తుంది. అది లేచే వైపు పో." తర్వాత గొంతు కాస్త మెత్తబడింది. "నిదానం, ఇప్పుడు నొక్కి ఆలోచించుకో నాయనా. కాసేపు నొక్కిపట్టు, కాస్త వదులు, మళ్ళీ పట్టు. వదిలినప్పుడు మేం మాట్లాడుకుంటాం."

హోరు ఆగిపోయింది. అతను ఎప్పుడూ పంపే నిశ్శబ్దమే. ఆమె దాన్ని మొదటిసారి ఇష్టంగా వింది.

"ముల్లు పడిపోయింది పిన్నీ!"

"వెనక్కి తిప్పు."

"కదలట్లేదు... ఆ, లేస్తోంది... లేస్తోంది..."

"మెల్లగా పో. గుద్దితే ఊరుకోను."

కాసేపు హోరు, కాసేపు నిశ్శబ్దం. వదిన పిన్ని కుర్చీ వీపును గట్టిగా పట్టుకుంది. ఎక్కడో దూరాన పెద్ద ఓడ కూత వేసింది.

"కనపడింది! ఒక ముసలమ్మ నన్ను తిడుతోంది, ఇంతసేపు ఎక్కడ చచ్చావని!"

"మా అమ్మే!" అని వదిన భోరుమంది.

రెండు లాంచీలూ ఒక తాడు మీద రేవుకు చేరాయి. మెకానిక్ బాబాయి నిదానం మైకు విప్పి చూపించాడు. లోపల మాట వెళ్ళే తీగ తెగిపోయి ఉంది, బటన్ తీగ బాగానే ఉంది. నిదానం మెట్లెక్కి వచ్చి గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు.

"చెప్పవయ్యా."

"ఆలోచిస్తున్నా పిన్నీ."

ఆ పొద్దున గదిలో నిలబడి అంతా విన్న వదిన, మర్నాటి నుంచి కిటికీ దగ్గర పాత పుకారు మానకుండా దానికే కొత్త మాట కలిపింది. "ప్రాణాలు కాపాడింది కదా, ఇప్పుడు క్యారియర్‌లో ఇంకో గిన్నె పెరిగిందట." పిన్ని మెట్లెక్కుతూ విని, నవ్వుకుని, పైకి వెళ్ళి హోరు పెంచుకుని కూర్చునేది. మధ్యాహ్నం చేతిసంచిలోంచి తను తెచ్చుకున్న పెరుగన్నం స్టీలు డబ్బా తీసేది. వాళ్ళింట్లో క్యారియరే లేదు.