రేడియోకి పెదవులు

బైలాడిల్లా కొండల కింద గని టౌన్‌షిప్ కొత్తగా వెలిసిన రోజుల్లో అక్కడి తెలుగువాళ్ళకి రెండే ఆస్తులు. ఒకటి ఊరికి పోయే రైలు, రెండోది వెంకటనారాయణ హోటల్లో రేడియో. రైలు ఇనపరాయి మోయడానికి వేసింది, మనుషుల్ని ఏదో దయతలచి ఎక్కించుకునేది. రేడియో మాత్రం అచ్చంగా మనుషుల కోసమే. రేకుల కప్పు కింద, పకోడీల పొయ్యికి దూరంగా, ఒక బల్ల మీద ఉండేది. చెక్కపెట్టె, ముందు గుడ్డ, కరెంటు తగలగానే వెలిగే పచ్చకన్ను. దాని తీగ హోటల్ వెనక ఇప్పచెట్టు చిటారుకొమ్మకి కట్టి ఉండేది.

ఆదివారం మధ్యాహ్నం ఆ బల్ల చుట్టూ చేరేవాళ్ళు తమది శ్రోతల సంఘం అని చెప్పుకునేవారు. సంఘానికి బోర్డు లేదు, చందా లేదు. మూడు గంటలకి వచ్చే నాటకం వినడం, విన్నాక దీపాలు పెట్టే వేళ దాకా దాని గురించి కొట్టుకోవడం, అదే పని. ముసలి జమీందారు వేషం ఎవరిది? వ్యవసాయ కార్యక్రమంలో ఎరువుల సంగతి చెప్పే పెద్దమనిషీ, నాటకాల్లో దొంగ వేషాలు వేసేవాడూ ఒకడేనా? ఉగాదికి హరికథ చెప్పినాయన ఇంకా బతికే ఉన్నాడా? సెలవు మీద విజయనగరం వైపు వెళ్ళినవాడు వస్తూ వస్తూ ఎండుచేపలతో పాటు ఇలాంటి కబురు ఒకటి మూట కట్టుకు రావాలి. ‘ఫలానా ఆవిడ పిల్లల కార్యక్రమం మానేసిందట’ అన్నా చాలు, ఆ పూట వాడి టీ డబ్బులు ఇంకొకడు ఇచ్చేవాడు.

ఈ సంఘానికి పెద్ద అప్పలకొండ. చీపురుపల్లి అవతల పల్లెటూరు, రైలు పట్టాలు వేసే పనికి వచ్చి గనిలో కుదురుకున్నాడు. చదువు అంతంతమాత్రం, గొంతు బొంగురు, మీసం మాత్రం దివ్యంగా ఉండేది. రేడియో నాటకమంటే చెవి కోసుకునేవాడు. నాటకం మధ్యలో ఎవరైనా దగ్గితే ఆ దగ్గు ఎవరిదో చెప్పేవాడు. చెప్పింది నిజమో కాదో తేల్చేవాడెవడూ అక్కడ లేడు గనక అతని మాటకి తిరుగులేదు. రేడియోని ఆనుకుని ఉన్న కుర్చీ అతనిది. అందులో ఇంకెవడైనా కూర్చుంటే వెంకటనారాయణ గరిటె పట్టుకునే వచ్చి లేపేవాడు.

తిరుగు చెప్పేవాడు ఒక్కడే, రాఘవులు. కుంట అనే ఊరి దగ్గర, శబరి నది ఒడ్డు మనిషి. ఇద్దరిదీ క్రషర్‌లో ఒకే షిఫ్టు, ఎదురెదురు నిలబడి చేసే పని. వాళ్ళ తగాదా అంతా ఒక నాటకం మీద. కొండచరియ విరిగిపడి రైలు ఆగిపోయిన వానాకాలంలో విన్నారు దాన్ని. ఏట్లో కొడుకుని పోగొట్టుకున్న తల్లి రేవులో కూర్చుని, వచ్చే పోయే ప్రతి పడవనీ పలకరిస్తుంది. నవ్వుతూ మొదలుపెడుతుంది, ఆ నవ్వు ఎక్కడ ఏడుపైందో వినేవాడికి తెలియదు. పడవ నాటకం అని సంఘం దానికి పేరు పెట్టుకుంది. చివర పాల్గొన్నవాళ్ళ పేర్లు గంపగుత్తగా చదివేశారు, ఏ పాత్ర ఎవరిదో చెప్పలేదు. ఆడవాళ్ళ పేర్లు రెండు, సుందరమాంబ, కాంతిమతి. తల్లి వేసింది సుందరమాంబ అని అప్పలకొండ, కాంతిమతి అని రాఘవులు. తాము పట్టిన కుందేటికి మూడే కాళ్ళని ఇద్దరూ ఏళ్ళ తరబడి కూర్చున్నారు. ఓడినవాడు బల్ల మొత్తానికి టీ ఇప్పించాలని పందెం. తేలే దారి లేదు కాబట్టి పందెం చెక్కుచెదరకుండా ఉండిపోయింది.

క్రషర్ గురించి ఒక మాట చెప్పాలి. కొండ మీద డంపర్లు తెచ్చి పోసిన బండరాళ్ళని నమిలి ముక్కలు చేసే యంత్రం అది. దాని పక్కన నిలబడితే చెవిలో నోరు పెట్టి అరిచినా వినబడదు. అందుకని అక్కడివాళ్ళు అరవడం ఎప్పుడో మానేశారు. గొంతు దాచుకుని పెదాలతో మాట్లాడుకునేవారు. ఎదుటివాడి నోరు చూసి మాట అందుకోవడం ఎంత అలవాటైపోయిందంటే, పెళ్ళి భోజనాల్లో కూడా ఈ పంక్తిలోవాడు ఆ పంక్తిలోవాడితో చడీచప్పుడు లేకుండా పులుసు బాగాలేదని చెప్పేసేవాడు. ఇంకొకడి మాట వింటుంటే వీళ్ళ పెదాలు కూడా వాటంతటవే కదిలేవి. క్రషర్ మొగుళ్ళంతా చేపల్లా నోరు ఆడిస్తారని పెళ్ళాలు నవ్వుకునేవారు.

అలాంటి చోట ఒక మనిషికి చెవులు పోతే ఎవరికి తెలుస్తుంది? అప్పలకొండకి పోయాయి.

ఒక్కసారిగా పోలేదు. ముందు పిట్టల కూతలు పోయాయి, అవి పోయినట్టు కూడా అతను గమనించలేదు. తర్వాత ఆడగొంతులు. నాటకంలో మగవాళ్ళు మాట్లాడుతుంటే వినబడేది, ఆడమనిషి అందుకోగానే ఎవరో తలుపు వేసినట్టయ్యేది. సుందరమాంబ, కాంతిమతి ఇద్దరూ ఆ తలుపు అవతలికి వెళ్ళిపోయారు. ఆ మరుసటేడు మగవాళ్ళు కూడా వెళ్ళారు. ముఖం చూస్తూ మాట్లాడితే ఎవరితోనైనా ఇట్టే జవాబు చెప్పేవాడు. రేడియోకి పెదవులు లేవు, అదీ వచ్చిన చిక్కు.

ఇంట్లో భార్య వెంకమ్మ కనిపెట్టేసింది. పొయ్యి దగ్గర అటు తిరిగి అడిగినదానికి ఒక్కదానికీ జవాబు రాకపోతే ఒకరోజు గరిటె కింద పెట్టి ఎదురుగా వచ్చి నిలబడింది.

"సెవులు సూపించుకోవయ్యా. డాక్టరేటి కొరికేస్తాడా?"

"సూపిస్తే పని మారుస్తారు. మారిస్తే మార్చనీ. ఆదివారం సంగతి ఏటి?"

ఆవిడకి అర్థమైంది. డబ్బు కాదు, ఉద్యోగం కాదు, ఆ కుర్చీ. చెవిటివాడు నాటకాల పెద్ద ఎలా అవుతాడు? సంఘం తనని చూసి జాలిపడి, ఒక టీ ఇచ్చి, పక్కన కూర్చోబెడుతుందేమోనన్న ఊహకే అప్పలకొండకి ఒళ్ళు చచ్చిపోయేది. అతను భయపడింది జాలికే.

అందుకని దొంగ విద్యలు నేర్చాడు. తీగ సర్దుతున్నట్టు నటిస్తూ రేడియో పెట్టె మీద అరచెయ్యి ఆనించి ఉంచేవాడు. లోపల మగగొంతు పలికితే చెక్క సన్నగా అదిరేది. గట్టిగా అదిరితే జమీందారు, కొద్దిగా అదిరితే గుమస్తా. కళ్ళు మూసుకుని తల ఊపేవాడు. అయిపోయాక అందరి నోళ్ళూ చూసి కథ పోగుచేసుకుని, చివర్లో "గొంతులో పట్టుందిరా" అనేవాడు. పట్టు లేని గొంతుని రేడియోవాళ్ళు ఎలాగూ రానివ్వరు కాబట్టి ఆ మాట ఎప్పుడూ తప్పయ్యేది కాదు. సంఘమేమో పెద్దాయన ఈమధ్య ఆచితూచి మాట్లాడుతున్నాడని ఇంకా గౌరవించింది.

ఎండాకాలంలో ఒక ఆదివారం నాటకం మంచి పట్టులో ఉండగా కరెంటు పోయింది. రేడియో ఆగిపోయింది. సరిగ్గా అదే సమయానికి కింద లైను మీద లోడు నింపుకున్న రైలు కదిలింది. ఇనపరాయి బండి కదిలితే హోటల్ బల్లలన్నీ వణుకుతాయి, గ్లాసులు గలగలమంటాయి. అందరికీ అలవాటే. కళ్ళు మూసుకున్న అప్పలకొండ అరచేతి కింద చెక్కపెట్టె మునుపెన్నడూ లేనంతగా అదిరింది.

"అదీ," అన్నాడు తన్మయంగా. "విన్నారా? రాజుగారి కోపం. ఈ గొంతు ఇంకెవుడికుంది సెప్పండి."

రైలు వెళ్ళేదాకా అతను తల ఊపుతూనే ఉన్నాడు. అదురు ఆగింది. కళ్ళు తెరిచి చూస్తే పచ్చకన్ను ఆరిపోయి ఉంది. ఫ్యాను ఆగి ఉంది. రాఘవులు, వాడి పక్కన సంఘంలో ఇంకొకడు పొజ్జా, గరిటెతో వెంకటనారాయణ, అందరూ తనకేసే చూస్తున్నారు. పెదాలు మాత్రం ఒక్కరివీ కదలడం లేదు.

అప్పలకొండ తువ్వాలు భుజాన వేసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. సిగ్గుతో ముఖం కాలిపోయింది. ఆ పైన ఆదివారాలు హోటల్ దారి తొక్కలేదు. పనిలో ఎదురుగా నిలబడ్డ రాఘవులు పెదాలు కదిపితే ఇతను రాళ్ళకేసి చూసేవాడు.

కొన్ని వారాలు పోయాక రాఘవులు, పొజ్జా కలిసి క్వార్టరుకి వచ్చారు. పొజ్జా కిష్టారం వైపు దోర్ల తెగవాడు, క్రషర్ నుంచి రాయి మోసే బెల్టు దగ్గర పని. ఇంట్లో దోర్లీ, సంతలో హల్బీ, ఆఫీసులో హిందీ మాట్లాడి, తెలుగు నాటకాల కోసం తన భాష కాని భాషలో ఏడ్చే మనిషి. లోపలికి రాకుండా వీధిలోనే నిలబడి, క్రషర్ పద్ధతిలో, గొంతు లేకుండా రాఘవులు అన్నాడు:

"రేపు పడవ నాటకం మళ్ళ వేస్తుండ్రు. ఈసారి ఎవల పాత్ర ఎవలదో చదువుతరంట. పందెం మర్చిపోయినవా ఏంది?"

"నానొచ్చి ఏటి సెయ్యాల? పెట్టె సూస్తా కూకోవాలా?"

"నన్ను చూడు," అన్నాడు రాఘవులు.

వెంకమ్మ ఉతికిన చొక్కా తెచ్చి మొగుడి ఒళ్ళో పడేసింది. మర్నాడు ఆ చొక్కా వేసుకుని వెళ్ళాడు.

కుర్చీ ఖాళీగానే ఉంది. రాఘవులు తన కుర్చీని తిప్పుకుని, రేడియోకి వీపు పెట్టి, అప్పలకొండకి ఎదురుగా కూర్చున్నాడు. నాటకం మొదలైంది. వెనక రేడియో ఒక మాట అంటే ముందు రాఘవులు పెదాలు ఆ మాట అన్నాయి, చప్పుడు లేకుండా, ఎవరి వినికిడికీ అడ్డం రాకుండా. పడవవాడు అతనే, కరణం అతనే, తల్లీ అతనే. ఆరడుగుల మనిషి, గుబురు మీసం, కొడుకు కోసం కొంగు సర్దుకుంటుంటే వెంకటనారాయణ నవ్వు ఆపుకోలేక పొయ్యి వెనక్కి పోయాడు. కాసేపటికి అతనూ నవ్వడం మాని వచ్చి నిలబడ్డాడు. తల్లి నవ్వే చోటు వచ్చింది. రాఘవులు భుజాలు కదిలాయి, పళ్ళు కనబడ్డాయి, తర్వాత ఆ ముఖంలో ఏదో మారింది. ఎక్కడ మారిందో అప్పలకొండకి ఈసారీ తెలియలేదు. తువ్వాలుతో కళ్ళు ఒత్తుకుంటే తర్వాతి మాట పోతుందని కన్నీళ్ళని అలాగే కారనిచ్చాడు. ఎన్నాళ్ళయిందో అతను నాటకం విని.

నాటకం అయిపోయింది. పేర్లు చదువుతున్నారు. పడవవాడు ఫలానా, కరణం ఫలానా. అప్పలకొండ ముందుకి వంగాడు.

"తల్లి, సుందరమాంబ," అన్నాయి రాఘవులు పెదాలు.

చెవిటివాడి ముందు శంఖం ఊదడమే దండగ అంటారు, అబద్ధం ఊదడం ఇంకా కష్టం. రాఘవులు ఒక్క సంగతి మరిచాడు. వెనకే కూర్చున్న పొజ్జా కూడా ఆ గనిలో మనిషే. శ్రద్ధగా వింటున్న పొజ్జా పెదాలు అలవాటు కొద్దీ రేడియోతో పాటు కదిలాయి. అవి అన్నది కాంతిమతి అని.

అప్పలకొండ రెండు నోళ్ళూ చూశాడు. నువ్వే గెలిచావని చెబుతున్న నోటినే తేరిపార చూశాడు. ముఖం ఎర్రబడింది.

"రేడియో ఏటి సెప్పిందో అది సెప్పు," అన్నాడు, బొంగురు గొంతు హోటలంతా వినబడేలా. "సెవులు పోయాయి గాని నాను పోలేదురా. నాకు ముష్టి గెలుపెయ్యకు."

రాఘవులు తల దించుకున్నాడు. దించితే అవతలివాడికి మాట అందదని గుర్తొచ్చి మళ్ళీ ఎత్తాడు.

"కాంతిమతి."

"మరి నువ్వే గెలిసినావు కదా?"

"గెలిసిన."

"ఎంకటనారాయణా, బల్లంతటికీ టీ. నా లెక్క." అప్పలకొండ వెనక్కి వాలి, ఇంకా రాఘవులునే చూస్తున్నాడు. "గెలిసినోడివి, మాటాడవేటి? ఇన్నేళ్ళూ దీనికోసమే కదా సచ్చావు. ఎగతాళి సెయ్యి."

రాఘవులు మీసం దువ్వుకున్నాడు. ఈసారి గొంతు దాచుకోలేదు, అందరికీ వినబడేలాగే అన్నాడు. పెదాలు మాత్రం అప్పలకొండ కోసం విడివిడిగా కదిపాడు.

"చెవులు మంచిగున్నప్పుడు గూడ నీకు గొంతులు తెల్వయి, అన్నా."

అప్పలకొండ ఆ మాటని ఒక్కసారి మనసులో తిప్పుకుని, చెయ్యి బల్ల మీద బాది నవ్వడం మొదలుపెట్టాడు. గ్లాసులు గలగలమన్నాయి. నవ్వీ నవ్వీ ఆయాసపడి, మీసం తుడుచుకుని, వచ్చే ఆదివారం ఏ నాటకమో కనుక్కోమని రాఘవులుకి చెప్పాడు.