అతుకు కనిపించే ఫోటో

2023 వేసవిలో గల్ఫ్ నగరం మనామాలోని నయీమ్ పేటలో ఒక చిన్న ఫోటో స్టూడియోలో పనిచేస్తున్నాను. వీసా ఫోటోల తర్వాత మాకు ఎక్కువగా వచ్చేది కంపోజిట్ పని. అంటే వేర్వేరు చోట్ల తీసిన ఫోటోలను ఒకటిగా కలపడం. ఇక్కడి కూలీని ఊళ్లోని భార్య పక్కన కూర్చోబెడతాం, ఒంటిమీది పని దుస్తులు, కవరాల్, తీసేసి కోటు తొడుగుతాం. అతుకు కనబడకపోతే పని బాగా చేసినట్టు.

ఒక శుక్రవారం గంగారాం వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, హిద్‌లో ఓడల యార్డులో పని. తండ్రి పోతే కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, సెలవివ్వలేదు. కూలీలుండే క్యాంపులోనే గుండు చేయించుకున్నాడు. ఫోన్లో అంత్యక్రియల ఫోటో చూపించాడు. పాడె ముందు అతని తమ్ముడు అగ్గికుండ పట్టుకొని నడుస్తున్నాడు.

“పెద్దకొడుకును నేను. కుండ నా చేతుల వెట్టన్నా. ఇంట్ల పటం గట్టిపిస్త.”

“కోటు వేయాలా?” అలవాటుగా అడిగాను.

“అయ్య సావుకు కోటేసుకుంటరా? మంచిగున్నవన్నా నువ్వు!”

యార్డులో తీసుకున్న అతని ఫోటోను కత్తిరించి, పంచె కట్టి, తమ్ముణ్ని తీసేసి, కుండ ఇచ్చాను. నీడ కూడా సరిపోయింది. గంగారాం చాలాసేపు చూశాడు.

“తమ్ముడేడి?”

“అతని చోటే కదా నీకిచ్చింది.”

“ఎర్రటెండల చెప్పుల్లేకుంట నడిశిండు వాడు. వాణ్ని మాయం జేస్తే అయ్యకు ఎవలు లేనట్టే.”

“మరి నిన్ను తీసేయనా?”

“వద్దు.”

నా భార్య చనిపోయిన ఏడాది నేను జపాన్ ఫోటోల గురించి చదివాను. పారిస్‌లో పుట్టిన సర్రియలిజం అనే కళా ఉద్యమం జపాన్‌కు చాలావరకు కవుల ద్వారా చేరింది. దాంతో అక్కడి కొందరు ఫోటోగ్రాఫర్లు కలలోలాగా, పొసగని వాటిని ఒకచోట అతికించారు. కొన్నింటిలో కత్తెర గీత దాచలేదు. అవి నన్ను ఓదార్చలేదు, అలాగని అబద్ధమూ చెప్పలేదు.

ఆ ఫోటోలు గుర్తొచ్చి, తమ్ముణ్ని మళ్లీ పెట్టి కుండ తిరిగి ఇచ్చాను. గంగారాంను నీలం కవరాల్‌తో, వెనక క్రేనూ కాస్త సముద్రమూ ఉంచి, పాడె పక్కన అతికించాను. చేతులు ఖాళీ. నీడ అందరికీ ఒకవైపు, అతనికి ఇంకోవైపు.

“ఇదేం ఫోటో అంటారు ఊళ్లో,” అన్నాను.

“అననియ్యి. పెద్దోడు దుబాయిల ఉన్నడు, గందుకే గిట్లున్నడని అమ్మ జెప్తది.” వాళ్ల ఊళ్లో గల్ఫ్ అంతా దుబాయే. అతను ముఖం తుడుచుకొని ఫోటో తీసుకున్నాడు.

లేని మనిషిని ఫోటోలోకి తేవడం మాకు అరగంట పని. లేకపోవడాన్ని చెరపకుండా తేవచ్చని అప్పుడే తెలిసింది. ఇప్పటికీ అతుకులు దాచే పనే చేస్తున్నాను, అందరూ అడిగేది అదే. కానీ ఎవరినైనా తీసేయమంటే, ముందు ఆ మనిషి పేరు అడుగుతాను.