మెయిల్ బయటికెళ్లే నంబరు

బ్రాడ్‌బ్యాండ్ కొత్తగా వస్తున్న రోజుల్లో నేను గవర్నర్‌పేటలో కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణి. మా వీధిలోనే రొయ్యలు ఎగుమతి చేసే ఆఫీసు ఒకటి ఉండేది. అక్కడి ఈమెయిళ్లన్నీ ఒకమ్మాయి చూసేది. సముద్రం మీద చేపలు పట్టే ఇంటి పిల్ల. డిగ్రీ చదివి, ఊళ్లో హాస్టల్లో ఉంటూ ఆ ఉద్యోగం చేసుకునేది.

ఒకరోజు ఓనరుగారు నన్ను పిలిపించారు. రావాల్సిన మెయిళ్లు వస్తున్నాయి, వెళ్లాల్సినవి మాత్రం వెళ్లడం లేదు. సెట్టింగులు చూశాను. అన్నీ నేను పెట్టినవే. అవే సెట్టింగులతో మా షాపు నుంచి పంపి చూస్తే వెళ్లింది.

"పాస్‌వర్డ్ సరిగ్గా కొడుతున్నావా అమ్మా?" అని అడిగాను.

"కొడుతున్నానండి. పోయిన వారం నెట్ కనెక్షన్ మార్చారు కదండి, అప్పట్నుంచే ఇట్టా అవుతోంది. వాళ్లిచ్చిన కాగితం ఉంది, చూస్తారా?"

"నెట్ వస్తోందిగా. దానికీ దీనికీ సంబంధం లేదు."

కాగితం అందుకుని, చదవకుండానే బల్ల మీద పెట్టేశాను.

తప్పెక్కడుందని ఓనరుగారు అడిగారు. నిజానికి నాకు తెలియదు. తెలియదని చెప్పడం నామోషీ అనిపించింది. "మెషిన్‌లో ఏం లేదండీ. వాడే మనిషే కాస్త చూసుకోవాలి" అన్నాను.

ఆయన అందరి ముందే, "రాకపోతే రాదని చెప్పాలమ్మా. ఇక నువ్వు కంప్యూటర్ ముట్టుకోమాక" అన్నారు. ఆమె లేచి, పక్క బల్ల దగ్గరికి వెళ్లి ఫైళ్లు సర్దడం మొదలుపెట్టింది.

మర్నాడు ఆమె కుర్చీలో గుమాస్తా కూర్చున్నా మెయిళ్లు కదల్లేదు. మళ్లీ నాకే కబురొచ్చింది. ఇక దారి లేక ఆ కాగితం తీసి చదివాను. మెయిల్ బయటికెళ్లడానికి పోర్టు అనే ద్వారం ఉంటుంది, దానికో నంబరు. అందరం వాడే ఇరవై ఐదును, దొంగ మెయిళ్ల బెడద వల్ల కొత్త నెట్ కంపెనీ మూసేసింది. ఐదు వందల ఎనభై ఏడు పెట్టుకుని, పాస్‌వర్డ్‌తో, రహస్యంగా వెళ్లే పద్ధతిలో పంపుకోమని స్పష్టంగా రాసింది. మా షాపులో ఉన్నది పాత కనెక్షన్, అందుకే అక్కడ వెళ్లింది. నంబరు మార్చి, ఆ పద్ధతికి టిక్కు పెట్టగానే, వారం నుంచి ఆగిన మెయిళ్లన్నీ ఒకదాని వెంట ఒకటి వెళ్లిపోయాయి.

"ఏమైందండీ?" అన్నారు ఓనరుగారు.

"సర్వర్ ప్రాబ్లమండీ. సరిచేశాను."

ఆమె దగ్గరికొచ్చి, "ఏం మార్చారండి?" అని మెల్లగా అడిగింది.

"అవన్నీ నీకెందుకమ్మా" అన్నాను. నా చేతిలో ఉన్న కాగితం వంక చూసి, తన ఫైళ్ల దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ కుర్చీ మళ్లీ ఆమెకు ఇవ్వలేదు. నెల తిరక్కుండానే ఉద్యోగం మానేసింది.

కొన్నేళ్లకు ధైర్యం చేసి ఓనరుగారికి జరిగింది చెప్పాను.

"అప్పుడే చెప్పాల్సిందండీ" అన్నారు.

"ఆ అమ్మాయి ఇప్పుడెక్కడుందో తెలుసా అండీ?" అని అడిగాను.

"తెలవదండీ."

కాఫీ తెప్పించారు. తాగి, తల వంచుకుని మెట్లు దిగి వచ్చేశాను.