గోడ అవతలి పాఠం

ఆమెకు ఇంట్లో పెట్టిన ముద్దుపేరు గోడబల్లి. పెట్టినవాడు అన్నయ్య. అందులో ముద్దు ఏపాటిదో వాడికే తెలియాలి. ముందుగదిలో నాన్న తలుపు గడియ వేసి కొడుక్కి ఫిడేలు నేర్పుతుంటే, ఈ పిల్ల వంటింటి గోడకి చెవి అంటించి నిలబడేది. తనకీ నేర్పమని ఎంత ఏడ్చినా, "ఒక ఇంట్లో రెండు ఫిడేళ్లు మోగితే నాకు తలనొప్పి" అనేవాడు నాన్న. అమ్మ తలెత్తకుండా ఉల్లిపాయలు తరిగేది.

ఆ గోడకి కూడా పక్షపాతమే. సన్నటి స్వరాలన్నిటినీ ఇటుకల్లోనే ఇంకించుకుని, లావు తీగ మీది బరువైన స్వరాలనే ఇవతలికి వదిలేది. సంగీతమంటే అంతేననుకుంది పిల్ల. అన్నయ్యకి చిన్నదైపోయిన పాత ఫిడేలు అటక మీంచి దింపుకుని, నాన్న బయట శిష్యులకి పాఠాలు చెప్పడానికి వెళ్లినప్పుడల్లా ఆ బరువు స్వరాలనే వెతుక్కునేది. నాటకాలకీ సినిమాలకీ వాయించి పేరు తెచ్చుకున్నాక కూడా అంతే. సన్న తీగ మోగితే ఎవరో తనమీద కేకలేస్తున్నట్టు మొహం చిట్లిస్తుంది. "మీ వాద్యంలో ఆ లోతు ఎక్కడిదండీ?" అని అడుగుతారు జనం. "మా ఇంటి గోడది" అంటుంది. వాళ్లు నవ్వుతారు. ఆమె నవ్వదు.

అన్నయ్య ఎప్పుడో ఫిడేలు మూలపడేసి టైల్స్ కొట్టు పెట్టుకున్నాడు. అయినా శిష్యులంతా కలిసి నాన్నకి సన్మానం తలపెడితే, ఆయన కూతురికి ఫోన్ చేసి ఏమన్నాడనుకున్నారు? "అన్నయ్యకి చెయ్యి తిరగడం లేదటమ్మా. వాడి బదులు నువ్వు ఏదో ఒకటి వాయించెయ్యి."

వాడి బదులు! ఆమెకి ఒళ్లు మండిపోయింది. ఆ మంటలోనే ఏం వాయించాలో తేలిపోయింది. నాన్న సొంతంగా కట్టి, కొడుక్కి తప్ప మరో ప్రాణికి చెప్పని బాణీ ఒకటుంది. గోడకి చెవి అంటించి తను పట్టేసిన దాన్నే వాయించాలి. గడియ వేసి దాచిన సొత్తు ఎవరి చేతిలో ఉందో చూసి ఆయన మొహం మాడిపోవాలి. ఆ మొహాన్ని శిష్యులందరూ చూడాలి. తలవంపులంటే ఎలా ఉంటాయో ఆయనకీ తెలియాలి.

వాయించింది. మొదటి వరసలో నాన్న మోకాలి మీద తాళం వేసుకుంటూ వింటున్నాడు. బాణీ మధ్యలో ఒకచోట ఆమె గుక్క తిప్పుకున్నంతసేపు ఆగింది. ఆ బాణీ మొత్తంలో ఆమెకి ప్రాణమైన చోటు అదే. సరిగ్గా అక్కడే నాన్న చెయ్యెత్తాడు.

"ఆగకూడదమ్మా అక్కడ. నేను కట్టినదాంట్లో అది లేదు. మీ అన్నయ్య ఎప్పుడూ అక్కడ మరిచిపోయి బిక్కమొహం వేసేవాడు. నువ్వు వాడి తప్పు నేర్చుకున్నావు."

హాల్లో కిసుక్కుమన్నారు. ఆమెకి తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లూ అపురూపంగా దాచుకున్నది అన్నయ్య మతిమరుపునా! వెనక వరసలో వాడూ తల దించేసుకున్నాడు. నాన్న మాత్రం కుర్చీ ముందుకు జరుపుకుని, "ఇలా రా, దగ్గరికొచ్చి కూర్చో. ఎలా వాయించాలో నేను చెబుతాను" అన్నాడు.

చిన్నప్పుడు ఈ ఒక్క మాట అని ఉంటే ఆయన కాళ్ల దగ్గరే పడి ఉండేది. ఇప్పుడన్నాడు, పదిమందిలో నవ్వులపాలు చేశాక.

"తలుపేసుకుని చెబితే తప్పులే బయటికొస్తాయి నాన్నా" అంది. "నాకు ఆ తప్పే నచ్చింది. మొదటినుంచీ వాయిస్తాను, వినండి."

మళ్లీ అందుకుంది, ఇంకా నెమ్మదిగా. ఆ చోటు రాగానే తీగల మీంచి కమాను పైకెత్తి, నాన్న కళ్లలోకి చూస్తూ ఆగింది. ఈసారి గుక్క తిప్పుకోవడానికి కాదు, కసి తీర్చుకోవడానికి. మోకాలి మీద నాన్న చెయ్యి ఒక దెబ్బ వేసింది, ఇంకోటి వేసింది, తర్వాత తాళం తప్పి గాలిలోనే ఉండిపోయింది. తన బాణీలో తర్వాతి స్వరం కోసం ఆయన కూడా అందరిలాగే ఎదురుచూడాల్సి వచ్చింది. ఆమె కడుపుమంట చల్లారింది. అయినా ఆయన్ని ఇంకాసేపు అలాగే కూర్చోబెట్టింది.